అమ్మగారి మోచేతికి ఇప్పుడే కోత వద్దు: ఎందుకు, మరెప్పుడు

మీరు రాసినదాంట్లో నిర్ణయానికి పనికొచ్చేవి ఇవి. అమ్మగారికి 47 ఏళ్ళు. శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర ఊరు, పలాసలో జీడిపిక్కల కటింగ్ మిషన్ మీద పని. కుడి మోచేయి బయటివైపు 14 నెలలుగా నొప్పి. రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేశారు, వేసినప్పుడల్లా నెలా నెలన్నర హాయిగా ఉండి మళ్ళీ మొదటికొచ్చింది. ఎమ్మారై రిపోర్టులో 'కామన్ ఎక్స్‌టెన్సర్ ఆరిజిన్ దగ్గర పార్షియల్ టేర్' అని ఉంది, అంటే కండరాలు ఎముకకు అతుక్కున్న చోట కొంత చిరిగిందని. ఒడిశాలోని బరంపురంలో చూపిస్తే జాయింట్ ఆపరేషన్ చేయాలన్నారు, విశాఖలో చూపిస్తే ఆగి చూద్దామన్నారు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

ఇప్పటికి ఆపరేషన్ వద్దు. మూడు నెలలపాటు ఒక పద్ధతి ప్రకారం వ్యాయామం, పనిలో కొన్ని మార్పులు చాలు. వాటికంటే ముందు ఈ వారంలోనే ఒక రక్తపరీక్ష చేయించాలి, దాని సంగతి కింద రాస్తున్నాను. మోచేతి నొప్పులన్నీ ఒక్కటి కావు. కొన్నిటిలో ఆగడమే తప్పు. ఇదే నొప్పి అనుకుని వేరే జబ్బున్నవాళ్ళు కూడా కూర్చుండిపోకూడదు కాబట్టి వాటి గురించీ రాస్తాను.

నొప్పి ఎన్నాళ్ళ నుంచి ఉంది, ఎంత ఎక్కువగా ఉంది అన్నవాటిని బట్టి ఆపరేషన్ తేల్చకూడదు. కత్తితో మార్చగలిగేది లోపల ఏదైనా ఉందా అన్నదొక్కటే చూడాలి. కీలులో విరిగిన ఎముక ముక్క అడ్డుపడుతుంటే తీసేయవచ్చు. నరం నొక్కుకుపోతుంటే దారి వదులు చేయవచ్చు. తెగిపోయిన టెండన్‌ని (కండను ఎముకకు అతికించే గట్టి పీచు) మళ్ళీ కుట్టవచ్చు. వీటిలో ఏదీ లేకుండా ఉత్త నొప్పి కోసం కోత పెడితే, నొప్పి తగ్గినా అది కోత వల్ల తగ్గిందో, గడిచిన నెలల వల్ల తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

అమ్మగారి వర్ణన చూస్తే ఇది టెన్నిస్ ఎల్బో. మన ఉద్దానంలో టెన్నిస్ బ్యాటు పట్టినవాళ్ళు ఎంతమందో గానీ ఈ నొప్పి మాత్రం వీధికొకరికి ఉంటుంది. పేరులో ఎల్బో ఉన్నా ఇది కీలు జబ్బు కాదు. మణికట్టును వెనక్కి ఎత్తే కండరాలన్నీ మోచేయి బయటివైపు ఎముక బొడిపెకు ఒకే టెండన్‌తో అతుక్కుని ఉంటాయి. ఆ అతుకు దగ్గర పీచు అరిగి, మానే ప్రయత్నంలో సరిగ్గా అల్లుకోక, పిచ్చి రక్తనాళాలు మొలిచి నొప్పి పుడుతుంది. వాపు జబ్బు కాదు కాబట్టే వాపు తగ్గించే మందు ఎంత వాడినా జబ్బు అక్కడే ఉంటుంది. 'జాయింట్ ఆపరేషన్' అని మీకు చెప్పినది బహుశా ఈ టెండన్‌లో చెడిన భాగాన్ని కోసి తీసేసే ఆపరేషన్ అయి ఉంటుంది. కీలు మార్పిడి కాదు. ఏ ఆపరేషనో కాగితం మీద పేరు రాయించుకోండి.

ముందు ఇది అదేనని ఇంట్లో ఒకసారి చూసుకోవచ్చు. అమ్మగారిని కూర్చోబెట్టి, చేయి బల్ల మీద పెట్టి, మోచేయి సగం వంచమనండి. బయటివైపు ఎముక బొడిపె దొరుకుతుంది. దానికి ఒక వేలు వెడల్పు ముందుకీ కిందికీ జరిపి నొక్కితే సరిగ్గా అదే నొప్పి రావాలి. తర్వాత మోచేయి చాపి, అరచేయి నేలవైపు ఉంచి, పిడికిలి పైకెత్తమనండి. మీరు దాన్ని కిందికి నొక్కండి. పిడికిలి వదిలి వేళ్ళు చాపి మధ్యవేలొక్కటే పైకి ఎత్తమని దాన్నీ నొక్కండి. రెంటిలోనూ బొడిపె దగ్గరే గుచ్చినట్టయితే టెండన్ అనుకోవచ్చు. ఇంకో తేలిక పరీక్ష ఉంది. ప్లాస్టిక్ కుర్చీ వీపును అరచేయి కిందికి పెట్టి, చేయి చాపి ఎత్తాలి. అరచేయి పైకి తిప్పి, మోచేయి వంచి ఎత్తినప్పుడు నొప్పి బాగా తక్కువగా ఉండి, కిందికి పెట్టినప్పుడు కుర్చీ జారిపోయేంత నొప్పి వస్తే అదే.

నొక్కితే నొప్పి బొడిపె దగ్గర కాకుండా నాలుగు వేళ్ళు కిందికి, ముంజేతి కండలో ఎక్కువగా ఉంటే రేడియల్ నరం అక్కడ కండల మధ్య సొరంగంలాంటి దారిలో నొక్కుకుంటుందేమో చూడాలి. రెండూ కలిసి కూడా ఉంటాయి. ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పి పోనివాళ్ళలో కొందరి విషయంలో జరిగేది ఇదే: నరం సంగతి చూడకుండా టెండన్ కోశారు. మెడ తిప్పినప్పుడు నొప్పి భుజం మీదుగా మోచేతికి దిగుతుంటే మెడ ఎక్స్-రే, పరీక్ష ముందు. అప్పుడు మోచేతికి ఏం చేసినా దండగే.

ఎమ్మారై రిపోర్టు చూసి భయపడకండి. ఈ వయసులో నొప్పి లేని మోచేతులకు తీసినా టెండన్‌లో మార్పులు కనిపిస్తూనే ఉంటాయి. 'పార్షియల్ టేర్' అన్న మాట చదవగానే చీరె చిరిగినట్టు, రేపో మాపో మొత్తం తెగిపోతుందేమో అనిపిస్తుంది. అలా కాదు. దెబ్బ తగలకుండా నెమ్మదిగా వచ్చిన జబ్బులో ఈ మాటకు అర్థం చాలాసార్లు అరుగుదలే. టెండన్ ఎముక నుంచి పూర్తిగా ఊడి వెనక్కి లాక్కుపోయిందని, లేక పక్కనే ఉన్న బయటివైపు లిగమెంట్ (ఎముకను ఎముకతో కట్టి ఉంచే పీచు) కూడా దెబ్బతిందని రాసి ఉంటే అప్పుడు లెక్క వేరు. ఆ రెండు వాక్యాలు రిపోర్టులో ఉన్నాయో లేవో చదివించండి.

ఇక రక్తపరీక్ష. కిడ్నీ పనితీరు చెప్పే సీరం క్రియాటినైన్, దానితోపాటు మూత్రంలో ప్రొటీన్, బీపీ. మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో, అంటే మన ఉద్దానంలో, ఎంతోమందిని పట్టిన కిడ్నీ జబ్బు సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. దానికి మూలం ఏమిటో ఇంకా తేలలేదు గానీ, ఉన్న కిడ్నీని నొప్పి బిళ్ళలు పాడుచేస్తాయన్నది తేలిన విషయమే. 14 నెలల నొప్పంటే ఈపాటికి ఎన్ని డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్ బిళ్ళలు లోపలికి వెళ్ళాయో. మెడికల్ షాపులో 'నొప్పి బిళ్ళ' అంటే ఇచ్చే కాంబినేషన్లలో ఇవే ఉంటాయి, ఆర్‌ఎంపీ తుంటి మీద పొడిచే నొప్పి సూదీ ఎక్కువగా ఇదే. ఎండలో, బట్టీ వేడిలో చెమటోడ్చి, నీళ్ళు సరిగ్గా తాగకుండా వీటిని మింగితే దెబ్బ రెట్టింపు. పైగా టెన్నిస్ ఎల్బోలో వీటివల్ల కలిగే మేలు రెండు మూడు వారాలకు మించి ఉండదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా పూర్తిగా మానేయండి. మరీ నొప్పిగా ఉన్న రోజు పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల బిళ్ళ, రోజు మొత్తంలో ఆరుకు మించకుండా, లివర్ జబ్బు లేకపోతేనే. డైక్లోఫెనాక్ జెల్ పైపూతగా రాస్తే రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. క్రియాటినైన్ మామూలుగా ఉంటే వాడుకోవచ్చు, పెరిగి ఉంటే అదీ డాక్టరును అడిగే. నా లెక్కలో మోచేతి నొప్పి అమ్మగారి ప్రాణానికేమీ చేయదు, దానికోసం మింగే బిళ్ళలే చేయొచ్చు. క్రియాటినైన్ ఎక్కువని వస్తే మోచేతిని పక్కన పెట్టి ముందు పలాస కిడ్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మూడో ఇంజెక్షన్ మాట ఎవరైనా ఎత్తితే వద్దనండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మీద ఆస్ట్రేలియాలో రెండు పెద్ద ప్రయోగాలు జరిగాయి. 2006లో 198 మంది మీద ఒకటి, 2013లో 165 మంది మీద ఇంకొకటి. రెంటిలోనూ కనిపించిన తీరు ఒక్కటే: మొదటి నెలా నెలన్నర ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్ళు హాయిగా ఉన్నారు, ఏడాది తిరిగేసరికి ఏమీ చేయించుకోనివాళ్ళకన్నా, ఉత్తుత్తి ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్ళకన్నా వెనకబడ్డారు, నొప్పి తిరగబెట్టడమూ వాళ్ళలోనే ఎక్కువ. అమ్మగారికి జరిగింది అచ్చంగా ఇదే. నొప్పి పోయిన ఆ నెలన్నరలో చేతికి విశ్రాంతి ఇవ్వకుండా రెట్టించి పని చేయించుకోవడం ఒక కారణం, మందు టెండన్‌ని మెత్తబరచడం ఇంకో కారణం. ఒకే చోట మళ్ళీ మళ్ళీ వేస్తే చర్మం కింద కొవ్వు కరిగి గుంట పడుతుంది, చర్మం తెల్లబడుతుంది, లోపలి లిగమెంట్ కూడా బలహీనపడవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకు ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ ఎగబాకుతుంది. ఎప్పుడైనా ఆపరేషన్ చేయాల్సి వచ్చినా, చివరి ఇంజెక్షన్‌కీ కోతకీ మధ్య మూడు నెలల ఎడం ఉంటే ఇన్‌ఫెక్షన్ భయం తక్కువ.

సొంత రక్తం తీసి తిప్పి ఎక్కించే పీఆర్‌పీ గురించి కూడా చెబుతారు, డబ్బు బాగానే అడుగుతారు. జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2021 సమీక్ష దాన్ని ఉత్త సెలైన్ ఇంజెక్షన్‌తో పోల్చి చూసి, చెప్పుకోదగ్గ తేడా లేదనే తేల్చింది. ఆ డబ్బు ఫిజియోకి పెట్టండి.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. చేయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది బాగుపడతారని సర్జన్లు చెప్పేది అబద్ధం కాదు. కానీ ఇది చాలామందిలో ఏడాది, ఏడాదిన్నర, రెండేళ్ళలో దానంతటదే తగ్గే జబ్బు. పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి కత్తి అవసరమే పడదు. తగ్గే దారిలో ఉన్నప్పుడు ఏం చేసినా దానివల్లే తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ ముడి విప్పడానికి ఆస్ట్రేలియాలోనే ఒక ప్రయోగం చేసి 2018లో అచ్చువేశారు. సగంమందికి మామూలు ఆపరేషన్, అంటే టెండన్‌లో చెడిన భాగం తీసేయడం. మిగతా సగంమందికి చర్మం మాత్రం కోసి, టెండన్‌ని చూసి, ఏమీ తీయకుండా కుట్టేశారు. ఎవరికి ఏది జరిగిందో వాళ్ళకు తెలియదు. రెండున్నరేళ్ళ తర్వాత చూస్తే రెండు గుంపులూ బాగుపడ్డాయి, ఒకటి ఇంకోదానికన్నా మెరుగేమీ కాదు. అందులో ఉన్నది 26 మందే కాబట్టి ఆ ఒక్కదానితో ఆపరేషన్‌ని కొట్టిపారేయలేం. కానీ తొందరపడి చేయించుకోవడానికి మాత్రం ఆధారం లేదు.

14 నెలలు ఆగాం కదా, ఇంకెంతకాలం అంటారు. ఆగడం వేరు, వైద్యం చేయించడం వేరు. మీరు రాసినదాంట్లో బిళ్ళలు, సూదులు, వేడినీళ్ళ కాపడం, నూనె మర్దన ఉన్నాయి గానీ టెండన్‌కి బరువు అలవాటు చేసే వ్యాయామం ఒక్క వారం కూడా లేదు. పని ఒక్కరోజు కూడా మారలేదు. కాబట్టి ఈ 14 నెలల్ని 'వైద్యం పనిచేయలేదు' అనే లెక్కలో వేయకూడదు.

వ్యాయామం ఇలా. మొదటి రెండు వారాలూ కదలిక లేని బిగింపు మాత్రమే. ముంజేయి బల్ల మీద ఆనించి, మణికట్టు అంచు దాటి, అరచేయి కిందికి. ఎడమచేతిని కుడిచేతి వెనకభాగం మీద పెట్టి, కుడిచేయి పైకి తోస్తుంటే ఎడమచేయి అడ్డుకోవాలి. చేయి కదలకూడదు. 30 నుంచి 45 సెకండ్లు బిగించి, నిమిషం రెండు నిమిషాలు వదలాలి. ఐదుసార్లు, రోజూ. నొప్పిని సున్నా నుంచి పది వరకు లెక్కిస్తే మూడు నాలుగు దాకా ఒప్పుకోవచ్చు.

మూడో వారం నుంచి బరువు. అర లీటరు నీళ్ళ సీసా నిండా నీళ్ళు పోస్తే అరకేజీ. అదే భంగిమలో సీసాను కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో సాయం పట్టి పైకి ఎత్తాలి. ఎడమచేయి వదిలేసి, కుడిచేత్తో మాత్రమే నెమ్మదిగా మూడు నాలుగు సెకండ్లలో కిందికి దించాలి. కిందికి దించే ఈ భాగమే మందు. 15 సార్లు, ఒక నిమిషం ఆగి ఇంకో 15, మళ్ళీ 15. వారానికి మూడు రోజులు, మధ్య ఒక రోజు ఖాళీ. మర్నాడు పొద్దున లేచేసరికి నొప్పి పాత స్థాయికి రావాలి. రాకపోతే బరువు ఎక్కువైంది, సగం నీళ్ళు తీసేయండి. రెండు వారాలపాటు సునాయాసంగా చేస్తే ముప్పావు కేజీ, తర్వాత కేజీ, ఆపైన కేజీన్నర. దీనితోపాటు తడి తువ్వాలును రెండు చేతులా పిండినట్టు తిప్పి నెమ్మదిగా వదలడం, భుజం వెనక కండకు ఒక వ్యాయామం. ఇవి ఫిజియో ఒకసారి దగ్గరుండి చూపిస్తే చాలు, మిగతావన్నీ ఇంట్లోనే. మొత్తం 12 వారాలు. మొదటి మూడు నాలుగు వారాల్లో తేడా ఏమీ తెలియదు, చాలామంది అక్కడే మానేస్తారు.

తగ్గుతోందో లేదో మనసుకు తోచినట్టు చెప్పుకోవడం కాదు, కొలవాలి. బీపీ మిషన్ పట్టీని చుట్టచుట్టి 20 దాకా గాలి పట్టి, మోచేయి చాపి పిసకమనండి. నొప్పి మొదలయ్యే వరకు ముల్లు ఎంతకి వెళ్ళిందో రాసుకోండి. ఎడమచేతిదీ రాయండి. రెండు వారాలకోసారి ఇదే. ముల్లు మెల్లగా ఎక్కుతుంటే నొప్పి కాస్త ఉన్నా దారి సరైనదే.

మోచేతి బెల్టు కొంటే బొడిపె మీద కట్టకూడదు. దానికి రెండు మూడు వేళ్ళు కిందికి, ముంజేతి కండ లావుగా ఉన్నచోట కట్టాలి. పనిచేసేటప్పుడే, రాత్రి వద్దు. వేళ్ళు తిమ్మిరెక్కితే వదులు చేయాలి. మర్దన చేసేవాళ్ళు బొటనవేలితో నొప్పి చోటే పట్టి నలుపుతారు, అది మాన్పించండి.

ఇక అసలు కష్టమైన భాగం, పని. కటింగ్ మిషన్ మీద కాలు తొక్కుడు, ఒక చేత్తో పిక్క అమర్చడం, ఇంకో చేత్తో పిడి లాగడం. పిడి బిగించి పట్టుకున్న ప్రతిసారీ మణికట్టు నిలబడటానికి ఈ కండరాలే వెనక్కి లాగాలి. రోజుకి ఎన్ని వేల పిక్కలో, అన్నిసార్లు. సెలవు పెట్టమనడం తేలికే, కూలి పోతుంది కదా. అందుకని ఇలా చూడండి. కుదిరితే ఆరు వారాలు కటింగ్ నుంచి గ్రేడింగ్‌కి (పప్పును రకాలవారీగా ఏరే పని) మార్పించుకోవాలి. పొట్టు తీసే పీలింగ్‌లోనూ వేళ్ళ పట్టు ఎక్కువే, అయినా బలం తక్కువ. మార్చకపోతే, పిడికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేయాలి. సన్నని పిడి పట్టడానికి ఎక్కువ బిగింపు కావాలి. కూర్చునే ఎత్తు మార్చి, లాగేటప్పుడు మోచేయి వంగి ఒంటికి దగ్గరగా ఉండేలా చూడాలి. చాపిన చేత్తో లాగితే భారమంతా ఆ అతుకు మీదే పడుతుంది. బ్లేడు మొండిదైతే రెట్టింపు బలం, సరిగ్గా ఉడకని పిక్కదీ అంతే. ఈ రెండూ మేస్త్రీకి చెప్పి చేయించుకోవాల్సినవి. అరగంటకోసారి రెండు నిమిషాలు చేయి వదలాలి. ఇంట్లో బిందె, గిన్నె, సంచి ఏదైనా అరచేయి పైకి ఉండేలా పట్టి ఎత్తాలి. బట్టలు పిండే పని ఈ మూడు నెలలూ మీరు చేయండి.

అమ్మగారు చుట్ట కాలుస్తారో, గుడాకు (పళ్ళకు రుద్దే పొగాకు ముద్ద) వాడతారో నాకు తెలియదు. మన వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటు ఇంకా ఉంది కాబట్టి చెబుతున్నాను. నికోటిన్ వల్ల టెండన్‌కి రక్తం తగ్గి మానడం ఆలస్యమవుతుంది, కోత పడ్డాక అయితే ఇంకా ఎక్కువ.

ఇంత చేసి 12 వారాలయ్యాక, పనిలో మార్పూ నిలబెట్టాక, ముల్లు పైకి కదలకపోతే అప్పుడు ఆపరేషన్ మాట మాట్లాడుకోవచ్చు. ఒప్పుకునే ముందు ఒక చిన్న పరీక్ష అడగండి. నొప్పి చోట మత్తుమందు మాత్రమే, స్టెరాయిడ్ లేకుండా, కొద్దిగా వేస్తారు. ఆ గంటా రెండు గంటలూ కుర్చీ ఎత్తినా నొప్పి లేకపోతే నొప్పి అక్కడిదే. నొప్పి అలాగే ఉంటే అది వేరే చోటి నుంచి వస్తోంది, అక్కడ కోసి లాభం లేదు.

ఆపరేషన్ పెద్దదేమీ కాదు. చేతికి మాత్రమే మత్తిచ్చి, మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల కోతతో అరగంట, ముప్పావుగంటలో అయిపోతుంది. ఆర్థ్రోస్కోపీ గొట్టంతోనూ చేస్తారు, ఫలితంలో పెద్ద తేడా ఉండదు. వారం పది రోజులు పట్టీ, రెండు వారాల్లోపు కుట్లు తీస్తారు. మోచేయి కదలిక మాత్రం మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. బరువు వ్యాయామం ఆరు వారాల తర్వాత. కటింగ్ మిషన్ మీదికి తిరిగి వెళ్ళడానికి మూడు నాలుగు నెలలు, పట్టు పూర్తిగా రావడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే వ్యాయామం తప్పించుకోవడానికి ఆపరేషన్ చేయించుకుంటే, అదే వ్యాయామం ఆపరేషన్ తర్వాతా చేయాల్సిందే.

చెడిపోయేవి ఎలా చెడిపోతాయంటే: కోత కొంచెం వెనక్కి, లోతుకి పోతే బయటివైపు లిగమెంట్ తెగి, చేయి ఆనించి లేవబోతే మోచేయి జారినట్టవుతుంది. ముందుకి పోతే వేళ్ళు ఎత్తే నరానికి దెబ్బ. పట్టీ భయంతో మూడు నాలుగు వారాలు అలాగే ఉంచేస్తే మోచేయి బిగుసుకుపోతుంది. శరీరంలో ఇంత త్వరగా బిగుసుకునే కీళ్ళు తక్కువ. బిగిసిందని ఎవరైనా బలవంతంగా వంచి సాగదీస్తే కండలో ఎముక పుట్టే ప్రమాదం ఉంది. దెబ్బ తగిలిన మోచేతికి నాటు కట్టు కట్టించి, నూనె పోసి నలిపించినవాళ్ళలో కనిపించేదీ ఇదే. ఒకసారి ఆ ఎముక పుడితే అది ముదిరేదాకా నెలలు ఆగి మళ్ళీ కోయాలి.

ఇప్పుడు ఆగకూడని మోచేతులు. చిటికెన వేలు, దాని పక్క వేలిలో సగం తిమ్మిరి, మోచేయి నిండా వంచి నిమిషం ఉంచితే ఎక్కువవడం, ఇవి ఉంటే మోచేయి లోపలివైపు అల్నార్ నరం నొక్కుకుంటోంది. తిమ్మిరి మాత్రమే ఉంటే రాత్రి మోచేయి వంగకుండా తువ్వాలు చుట్టుకుని పడుకుని కొన్ని వారాలు చూడవచ్చు. కానీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పల్లమైతే, తాళంచెవి తిప్పే పట్టు పోతే, ఆగిన ప్రతి నెలా నష్టమే. పోయిన కండ ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా రాదు. చిన్నప్పుడు మోచేయి విరిగి వంకరగా అతుక్కున్నవాళ్ళలో ఈ నరం ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇలా దెబ్బతింటుంది.

బస్తా ఎత్తుతుంటే మోచేయి ముందువైపు 'టప్' మని శబ్దం వచ్చి, కమిలి, జబ్బ కండ పైకి ముద్దయినట్టు కనిపిస్తే బైసెప్స్ టెండన్ తెగింది. రెండు మూడు వారాల్లో కుడితేనే సుఖం. మోచేయి మధ్యలో ఇరుక్కుపోయి, కాసేపు కదలక, టక్కున వదలడం ఉంటే కీలులో ఎముక ముక్కలు తిరుగుతున్నాయి. సీటీ స్కాన్‌లో కనిపిస్తాయి, తీసేస్తే బాగవుతుంది. అరుగుదల వల్ల చేయి నిటారుగా చాపలేక 30 డిగ్రీల వంపు దగ్గరే ఆగి, వంపు 130 దాకా రాకపోతే ముద్ద నోట్లోకి, దువ్వెన తలకి అందదు. అప్పుడు కీలు శుభ్రం చేసే ఆపరేషన్‌కి అర్థం ఉంది. కానీ అది కదలిక కోసం, ఉత్త నొప్పి కోసం కాదు.

నెలల తరబడి మోచేయి ఉబ్బి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి ఉంటే టీబీ చూడాలి. ఎక్స్-రేతో ఆగకుండా నీరు తీసి పరీక్షించాలి. దానికి మందులే వైద్యం, ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వాడాలి. తెలియక ఆ కీలులో స్టెరాయిడ్ పొడిస్తే జబ్బు రెచ్చిపోతుంది. కీలు ఎర్రగా కాగి, గట్టి జ్వరంతో కదపలేకపోతే ఆ రోజే ఆసుపత్రి.

ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు ఇది చదివేవాళ్ళకు ఇంకొకటి. అక్కడ సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఎక్కువ. దానివల్లా ఎముకలు, కీళ్ళు నొప్పి పెడతాయి. తెలియకుండా ఆపరేషన్‌కి వెళితే చేతికి రక్తం ఆపే పట్టీ బిగించినప్పుడు, ఒళ్ళు చల్లబడినప్పుడు, నీళ్ళు తగ్గినప్పుడు ప్రమాదం. సికిల్ సెల్ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తారు, ఫలితం కాగితం మీద ఉండగానే సర్జన్ దగ్గరికి వెళ్ళండి.

మోకాలి మార్పిడిలాగా మోచేతి మార్పిడి కూడా ఉందా అని కొందరు అడుగుతారు. ఉంది, ముఖ్యంగా కీళ్ళవాతంతో కీలు పాడైపోయిన పెద్దవాళ్ళకు. ఆ చేత్తో జీవితాంతం ఒక్కసారి కూడా నాలుగైదు కేజీలు మించి ఎత్తకూడదు, పదే పదే అయితే కేజీకి మించకూడదు. చేతిపని మీద బతికేవాళ్ళకి అది సరిపడదు.

చివరికి ఆపరేషన్ దాకా వస్తే ఎక్కడ అన్నది. మందస నుంచి విశాఖకన్నా బరంపురం బాగా దగ్గర. ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ అక్కడే ఉంది, తెలుగు మాట్లాడేవాళ్ళూ దొరుకుతారు. కోత ఎక్కడ అన్నదానికన్నా కోత తర్వాత ఆరు వారాలు వారానికి రెండుసార్లు ఫిజియో ఎక్కడ అన్నది ముఖ్యం. విశాఖలో చేయించుకుని, ఆ దూరం తిరగలేక ఇంట్లో పట్టీతో కూర్చుంటే బిగుసుకుపోయేది ఖాయం. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, అయినా మీ కార్డు మీద ఆ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ ప్యాకేజీ ఉందో లేదో చేరే ముందే కౌంటర్‌లో అడిగి రాయించుకోండి. ఎన్‌టీఆర్ వైద్యసేవ కార్డు అయితే ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందో లేదో మీ దగ్గరి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. వెళ్ళేటప్పుడు ఎమ్మారై ఫిల్మ్ లేదా సీడీ (రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు), రెండు ఇంజెక్షన్లూ ఏ తేదీల్లో ఏ మందుతో వేశారో, క్రియాటినైన్, షుగర్ ఫలితాలు, బీపీ పట్టీ లెక్కల కాగితం తీసుకెళ్ళండి. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8 లోపుకి వచ్చాకే తేదీ ఖాయం చేసుకోండి.